20 ఎంబీ సీగేట్ ఎస్‌టీ-225 హార్డ్ డిస్క్: డ్రైవ్ తగిలిస్తే ఎస్‌ఎంపీఎస్ లేవడం లేదు, లోపల తెలుగు ఫైళ్లున్నాయి

గిరింపేట మురళి (చిత్తూరు)

అందరికీ నమస్తే. ఇక్కడ ఒక పాత పీసీ-ఎక్స్‌టీ క్లోన్ ఉంది. అందులో సీగేట్ ఎస్‌టీ-225, 20 ఎంబీది, 5.25 అంగుళాల హాఫ్ హైట్ డ్రైవ్. స్లాట్లలో డ్రైవ్‌ని నడిపే 8 బిట్ ఎంఎఫ్ఎం (ఆ కాలపు డిస్క్ రికార్డింగు పద్ధతి) కంట్రోలర్ కార్డు, తెలుగు రాయడానికి వేసిన సీడ్యాక్ జిస్ట్ కార్డు రెండూ అట్లే ఉన్నాయి. 1990, 91లో ఈ చుట్టుపక్కల పల్లెల పేర్లు, గంగజాతర ఆచారాలు, వీరగల్లుల మీద రాయించిన తెలుగు వ్యాసాలు ఈ డ్రైవ్‌లో ఉన్నాయి. అచ్చు కాపీ దొరకలేదు. ఫ్లాపీలు బూజు పట్టి పోయినాయి.

సిస్టం అటక మీద ఇరవై ఏళ్లకు పైనే ఉంది. ఇప్పుడు ఆన్ చేస్తే ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోతా ఉంది. డ్రైవ్‌కి పోయే నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్ పీకేస్తే మామూలుగా లేచి, మెమరీ లెక్కపెట్టుకుని, 1701 అని (హార్డ్ డిస్క్ ఎర్రర్) చూపిస్తా ఉంది. డ్రైవ్ వైపు మీటరు పెడితే పసుపు వైరు వచ్చే పిన్నుకీ గ్రౌండుకీ మధ్య 0.8 ఓమ్. ఎరుపు వైరు పిన్ను దగ్గర 300 ఓమ్‌ల పైన ఉంది.

వేరే ఎస్‌టీ-225 కొని దాని బోర్డు దీనికి వేస్తే సరిపోతుందా? ఒక రిపేరు షాపులో లో-లెవెల్ ఫార్మాట్ కొడితే లేస్తుందన్నారు. ఇంకొకరు మూత తీసి ప్లాటర్‌ని (లోపల తిరిగే పళ్లెం) చేత్తో తిప్పమన్నారు. దేనికీ చెయ్యి రాక ఇక్కడ అడుగుతా ఉన్నా. డ్రైవ్ బాగుపడకపోయినా ఫరవాలేదు, ఫైళ్లు బయటికి రావాలి.

టంకం తిరుపతి

మురళి గారూ, ఫార్మాట్ మాట మర్చిపోండి. డీబగ్‌లో జీ=సీ800:5 కొట్టి చేసే ఆ ఫార్మాట్ ప్రతి ట్రాక్ మీదా సెక్టర్ హెడర్లనూ డేటానూ కొత్తగా రాస్తుంది. పాత అక్షరం ఒక్కటి కూడా మిగలదు. డేటా అక్కర్లేని డ్రైవ్‌ని మళ్లీ వాడుకోవడానికి అది మంచి పనే, మీకు మాత్రం కాదు. మూత కూడా తీయొద్దు. డేటా చదివే హెడ్ ప్లాటర్ మీద మైక్రాన్ కన్నా తక్కువ ఎత్తులో తేలుతుంది, మన ఇళ్లలో గాలిలో ఎగిరే దుమ్ము రేణువు అంతకు ఎన్నో రెట్లు పెద్దది.

మీరు చెప్పిన 0.8 ఓమ్‌తోనే జబ్బు దొరికింది. పసుపు వైరు అంటే 12 వోల్టుల లైను, దాని మీద ఉన్న టాంటలం కెపాసిటర్ షార్ట్ అయింది. ఆ లైను షార్ట్ కాగానే ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది, ఫ్యాను అర చుట్టుకే నిలబడేది అందుకే. టాంటలంలో ఇన్సులేషన్ అంటే చాలా పల్చటి ఆక్సైడ్ పొర. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా పడి ఉంటే ఆ పొరలో బలహీనమైన చోట్లు మిగిలిపోతాయి. ఒక్కసారిగా 12 వోల్టులు తగిలితే అక్కడ పంక్చర్ అవుతుంది. ఎలక్ట్రోలిటిక్ అయితే ఉబ్బుతుంది, కారుతుంది, చూస్తే తెలుస్తుంది. టాంటలం పైకి కొత్తదానిలా ఉండి లోపల తీగముక్కలా మారిపోతుంది. బలమైన ఎస్‌ఎంపీఎస్ అయితే పటేల్‌మని మంటతో పేలుతుంది కూడా, కాబట్టి షార్ట్ తీసేదాకా ఇంకోసారి ఆన్ చేయకండి.

బోర్డు డ్రైవ్ అడుగున ఉంటుంది. స్క్రూలు విప్పేముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. హెడ్ల నుంచి, వాటిని జరిపే స్టెప్పర్ మోటారు నుంచి, ప్లాటర్ని తిప్పే స్పిండిల్ మోటారు నుంచి బోర్డుకి చిన్న కనెక్టర్లు వస్తాయి. ముప్పై అయిదేళ్ల ప్లాస్టిక్ అది, లాగితే పుటుక్కున విరుగుతుంది. వైరు పట్టుకుని లాగకుండా కనెక్టర్ని రెండు వైపులా కొంచెం కొంచెం ఎత్తుతూ తీయండి.

12 వోల్టుల లైను మీద టాంటలంలు ఒకటి కన్నా ఎక్కువ ఉండి, అన్నీ ప్యారలల్‌లో ఉంటే మీటరు అన్నింటి దగ్గరా అదే 0.8 చూపిస్తుంది. ఏది పోయిందో పట్టడానికి కరెంట్ లిమిట్ ఉన్న బెంచ్ సప్లై తీసుకుని 1 వోల్టు, 1.5 ఆంపియర్ దగ్గర పెట్టి ఆ లైనుకి ఇవ్వండి. అంత తక్కువ వోల్టేజీకి ఇంకే చిప్పూ పాడవదు. షార్ట్ అయినది ఒక నిమిషంలో వెచ్చబడుతుంది. ఒక్కోదాని మీద ఒక చుక్క ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) వేస్తే, ముందు ఆరిపోయినదే దోషి. బెంచ్ సప్లై లేకపోతే పవర్ కనెక్టర్‌కి దగ్గరగా ఉన్నదానితో మొదలుపెట్టి ఒక్కో కాలు టంకం తీసి ఎత్తి, ప్రతిసారీ మీటరు చూడండి. ఎక్కువసార్లు మొదటిదే ఉంటుంది.

కొత్తది వేసేటప్పుడు విలువ బోర్డు మీదా పాత కెపాసిటర్ మీదా ఏముందో అదే వేయండి. వోల్టేజీ రేటింగు మాత్రం పెంచండి. పాతది 16 వోల్టులదైతే ఆ రేటింగు మళ్లీ వద్దు, 12 వోల్టుల లైనుకి 25 లేదా 35 వోల్టులదే ఉండాలి. నా మాట వింటే టాంటలమే వద్దు. అదే విలువ గానీ కొంచెం ఎక్కువ గానీ ఉన్న లో-ఈఎస్ఆర్ అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్, 35 వోల్టులది వేసేయండి. ఇక్కడ దాని పని సప్లైని నునుపు చేయడమే.

పోలారిటీ దగ్గర చాలామంది పొరపడతారు. టాంటలం మీద గీత గానీ ప్లస్ గుర్తు గానీ పాజిటివ్ కాలికి. ఎలక్ట్రోలిటిక్ మీద గీత నెగటివ్ కాలికి. పాతదాని గీత చూసి కొత్తదాని గీత అదే వైపు పెడితే తిరగబడినట్టే. తీసేముందే బోర్డు మీద ప్లస్ ఎటుందో మార్కరుతో గుర్తు పెట్టుకోండి.

బోర్డు మార్పిడి గురించి: ఎస్‌టీ-225 కాలంలో బోర్డు మీద ఆ డ్రైవ్‌కి ప్రత్యేకమైన కాలిబ్రేషన్ డేటా ఏమీ ఉండదు కాబట్టి అదే రివిజన్ బోర్డు వేస్తే సాధారణంగా పనిచేస్తుంది. తర్వాతి కాలపు డ్రైవ్‌లలో ఆ డేటా బోర్డు మీది చిన్న రోమ్ (ROM) చిప్‌లో ఉంటుంది, దాన్ని కూడా మార్చాలి. మీకు అంతదూరం అవసరం రాదు. కెపాసిటర్ తిరుపతిలోనే దొరుకుతుంది. 34 పిన్నుల ఎడ్జ్ కనెక్టర్ల లాంటివి కావాలంటే చెన్నై రిచీ స్ట్రీట్‌లో గానీ బెంగళూరు ఎస్పీ రోడ్డులో గానీ వెతకండి, చిత్తూరు నుంచి రెండూ ఒక పూట ప్రయాణం.

అటక సామాను (తిరుపతి)

పైన చెప్పినదంతా సరే. కానీ మురళీ, కెపాసిటర్ వేసిన వెంటనే ఉత్సాహంలో పవర్ ఇచ్చేయొద్దు. ఇంతకాలం పడి ఉన్న డ్రైవ్ ఒకసారి తిరిగితే అదే ఆఖరిసారి కావచ్చు. అది తిరిగే ఆ కాసేపట్లో చదివేసే ఏర్పాటు ముందే బల్ల మీద సిద్ధంగా ఉండాలి. "ముందు తిరుగుతుందో లేదో చూద్దాం, కాపీ సంగతి తర్వాత" అన్న పద్ధతిలోనే ఎక్కువ డ్రైవ్‌లు పోతాయి.

చదవడానికి మూడు దారులున్నాయి. అన్నిటికన్నా మంచిది బీగిల్‌బోన్ అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద నడిచే ఎంఎఫ్ఎం రీడర్. కంట్రోలర్ కార్డుతో సంబంధం లేకుండా డ్రైవ్‌కి నేరుగా తగిలించి, ప్రతి ట్రాక్ మీది అయస్కాంత మార్పులను ఉన్నవున్నట్టుగా ఫైలుగా రాసుకుంటుంది. అర్థం తీయడం తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు. సాఫ్ట్‌వేరు ఓపెన్ సోర్స్. దీని గొప్పతనం ఏమిటంటే, డ్రైవ్ రేపు చచ్చిపోయినా ఆ ఫైలు మీద ఎన్నిసార్లయినా ప్రయత్నించొచ్చు.

రెండోది, అదే ఎక్స్‌టీలో ఒక ఎక్స్‌టీ-ఐడీఈ కార్డు (ఐడీఈ డిస్కులను ఎక్స్‌టీకి కలిపేది), దానికి కాంపాక్ట్‌ఫ్లాష్ అడాప్టర్ పెట్టి, ఫ్లాపీతో బూట్ చేసి ఎక్స్‌కాపీ కొట్టడం. డాస్ 3.3 అయితే పార్టిషన్ 32 ఎంబీ దాటదు, మీ 20 ఎంబీకి అది చాలు. మూడోది సీరియల్ కేబుల్. నల్ మోడెమ్ కేబుల్ వేసి కెర్మిట్ అనే ఫైళ్లు పంపే ప్రోగ్రాంతో పంపాలి. 9600 బాడ్‌లో సెకనుకి దాదాపు 960 బైట్లు, అంటే డ్రైవ్ నిండా ఉంటే ఆరు గంటల పైనే. అంతసేపు డ్రైవ్ తిరుగుతూ ఉండాలి కాబట్టి ఇది ఆఖరి దారి. అప్పుడు కూడా తెలుగు వ్యాసాల డైరెక్టరీనే ముందు పంపండి, డాస్ ఫైళ్లు తర్వాత.

ఏ దారిలో పోయినా సీ డ్రైవ్ నుంచి బూట్ చేయొద్దు. చెక్‌డిస్క్‌ని రిపేర్ ఆప్షన్‌తో నడపొద్దు. ఈ డ్రైవ్ మీద ఒక్క బైటు కూడా రాయకూడదు.

కంట్రోలర్ కార్డు పారేయకండి. ఈ తరం డ్రైవ్‌లలో సెక్టర్లు ఎలా వేయాలన్నది డ్రైవ్ కాదు, కార్డు నిర్ణయిస్తుంది. ఒక కంపెనీ కార్డుతో ఫార్మాట్ అయిన డ్రైవ్‌ని ఇంకో కంపెనీ కార్డు గుర్తించకపోవచ్చు. కార్డు ఆర్ఎల్ఎల్ (ఎంఎఫ్ఎం కన్నా దట్టంగా రాసే పద్ధతి) రకమేమో కూడా చూసుకోండి. మామూలు ఎంఎఫ్ఎంలో ట్రాక్‌కి 17 సెక్టర్లు, ఆర్ఎల్ఎల్ అయితే 26. ఎస్‌టీ-225 లెక్క 615 సిలిండర్లు (అన్ని హెడ్ల కిందా ఒకే దూరంలో ఉన్న ట్రాకులు కలిపి ఒక సిలిండర్), 4 హెడ్లు, 17 సెక్టర్లు, సెక్టర్‌కి 512 బైట్లు. గుణిస్తే 2,14,11,840 బైట్లు. మీ ఇమేజ్ ఫైలు సైజు కచ్చితంగా అదే రావాలి.

ఇక మెకానికల్ సంగతి. ఈ డ్రైవ్‌కి ఆటో పార్కింగ్ లేదు. ఆపేటప్పుడు పార్క్ ప్రోగ్రాం నడపకపోతే హెడ్లు డేటా మీదే వాలి ఉంటాయి. ప్లాటర్ మీది లూబ్రికెంట్ పొర, దానికి తోడు తేమ, నున్నటి రెండు తలాలను అతికించేస్తాయి. తడి గాజు పలకలు ఒకదాని మీద ఒకటి పెడితే ఊడిరావు చూడండి, అదే సంగతి. దీన్నే స్టిక్షన్ అంటారు. మన దగ్గర కార్తీకంలో తుపాను వానలకు అటక మీద ఎంత తేమ పడుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే ముందు డ్రైవ్‌ని ఒక మూత డబ్బాలో గుప్పెడు సిలికా జెల్ పొట్లాలతో రెండు మూడు రోజులు ఉంచండి. ఎండలో పెట్టొద్దు. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని ఎవరైనా చెబితే అస్సలు వినొద్దు. బయటికి తీయగానే లోపల నీరు కమ్ముతుంది.

పవర్ ఇచ్చినప్పుడు మోటారు చిన్నగా అదిరి తిరగకపోతే అతుక్కుపోయినట్టే. వెంటనే ఆపేయండి, లేకపోతే మోటారు డ్రైవర్ వేడెక్కుతుంది. కేబుళ్లన్నీ తీసి, డ్రైవ్‌ని బల్లకి సమాంతరంగా రెండు చేతులతో పట్టుకుని, స్పిండిల్ ఇరుసుగా మణికట్టుతో పావు చుట్టు చటుక్కున తిప్పి ఆపండి. రెండు మూడు సార్లు చాలు. కేసు ఆగిపోయినా ప్లాటర్ తన ఊపుకి కొంచెం ముందుకు పోయి, అతుక్కున్న హెడ్ దాన్ని వదులుతుంది. పైనుంచి స్క్రూడ్రైవర్ పిడితో కొట్టడం మాత్రం తప్పు. ఆ దెబ్బ హెడ్‌ని నేరుగా ప్లాటర్‌లోకి దించుతుంది.

టంకం తిరుపతి

చటుక్కున తిప్పడం గురించి ఒక చిన్న భేదం. బోర్డు ఎలాగూ విప్పుతున్నారు కదా, మోటారు హబ్ చేతికి అందితే దాన్నే వేలితో మెల్లగా, మామూలుగా తిరిగే దిశలోనే, ఒక మిల్లీమీటరు కదిలేదాకా నెట్టడం ఇంకా సున్నితమైన పద్ధతి. ఝాడించినప్పుడు ఎంత బలం పడుతుందో మన చేతిలో ఉండదు. వెనక్కి మాత్రం తిప్పొద్దు, హెడ్ పట్టీలు ముందుకు తిరిగే ప్లాటర్‌కి తగ్గట్టు ఉంటాయి.

ఇంకొకటి. అదే హబ్ మధ్యలో ఒక రాగిరంగు పట్టీ ఆనుకుని ఉంటుంది. తిరిగే ప్లాటర్ మీద పుట్టే స్టాటిక్ కరెంటుని గ్రౌండ్ చేసేది అదే. పాతబడితే అది కీచుమని అరుస్తుంది. బేరింగ్ పోయిందని కంగారు పడొద్దు. పట్టీ వెనక చిన్న ఫోమ్ టేపు ముక్క అంటిస్తే అదురు తగ్గి శబ్దం పోతుంది. పీకి పారేస్తే మాత్రం చదివేటప్పుడు తప్పులు పెరుగుతాయి.

అటక సామాను (తిరుపతి)

ఒప్పుకుంటాను, హబ్ అందే మోడల్‌కి అదే మేలు. ఎస్‌టీ-225కి అలాగే చేయండి.

గిరింపేట మురళి (చిత్తూరు)

మీ ఇద్దరికీ చాలా థ్యాంక్స్. కెపాసిటర్ మార్చినా. కనెక్టర్ దగ్గరున్న మొదటిదే పోయింది. 12 వోల్టుల పిన్ను దగ్గర రీడింగు ఇప్పుడు మెల్లగా పెరగతా కిలో ఓమ్‌ల్లోకి పోతా ఉంది. హబ్‌ని వేలితో నెడితే మొదట గట్టిగా ఉండి, తర్వాత టక్కున వదిలింది. ఇంకా పవర్ ఇవ్వలేదు. బెంగళూరు నుంచి ఎంఎఫ్ఎం రీడర్ ఒకటి అరువుకి వస్తా ఉంది. ఎక్స్‌టీ ఎస్‌ఎంపీఎస్ కూడా ముప్పై ఏళ్లది కదా, దాంతోనే ఇవ్వాలా? కేబుళ్లు కొత్తవి తెచ్చుకుంటే ఫ్లాపీ కేబుల్ సరిపోతుందా? అదీ 34 పిన్నులదే కదా.

టంకం తిరుపతి

పాత ఎస్‌ఎంపీఎస్ వద్దు. మోలెక్స్ కనెక్టర్ ఉన్న మంచి ఏటీఎక్స్ సప్లై తీసుకుని, 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరుని పక్కనున్న నల్ల వైరుతో కలిపితే లేస్తుంది. స్టార్టింగులో ఈ మోటారు 12 వోల్టుల మీద గట్టిగా లాగుతుంది. యూఎస్‌బీ-ఐడీఈ అడాప్టర్లతో వచ్చే చిన్న 2 ఆంపియర్ల పవర్ ఇటుకలు (అడాప్టర్లు) దీనికి చాలవు. మోటారు సగం వేగంలో తచ్చాడితే హెడ్లు గాల్లోకి లేవకుండా ప్లాటర్ని గీకుతాయి. సప్లై యూపీఎస్ మీద పెట్టండి. ఎండాకాలంలో మధ్యాహ్నం కరెంటు పోయిందంటే హెడ్లు ఎక్కడుంటే అక్కడే వాలతాయి.

ఫ్లాపీ కేబుల్ గురించి అడిగి మంచి పని చేశారు. చూడటానికి రెండూ ఒకటే. మెలిక ఉన్న వైర్లు వేరు: ఫ్లాపీ కేబుల్‌లో 10 నుంచి 16, హార్డ్ డిస్క్ కేబుల్‌లో 25 నుంచి 29. ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే 1701 తప్ప ఏమీ రాదు. రీడర్‌కి మెలిక లేని నేరు కేబుల్ వాడండి. 20 పిన్నుల డేటా కేబుల్ వేరే ఉంటుంది. ఎడ్జ్ కనెక్టర్‌లో గాడి ఉన్న వైపే 1వ పిన్ను, కేబుల్ ఎర్ర గీత అటే రావాలి. కాంటాక్టులను ఐపీఏతో తుడవండి. డ్రైవ్ మీద టెర్మినేటర్ రెసిస్టర్ ప్యాక్ సాకెట్‌లో ఉందో లేదో చూడండి. ఒకే డ్రైవ్ కాబట్టి అది ఉండి తీరాలి.

అటక సామాను (తిరుపతి)

ఇంకో మూడు మాటలు, మొదటిసారి పవర్ ఇచ్చేముందే.

డ్రైవ్ ఎక్స్‌టీలో అడ్డంగా ఉండేదా, నిలువుగా ఉండేదా? అదే భంగిమలో పెట్టి చదవండి. ఎస్‌టీ-225లో హెడ్లను జరిపేది స్టెప్పర్ మోటారు. ఇన్ని అడుగులు వెయ్ అంటే వేస్తుంది, నిజంగా ట్రాక్ మధ్యలో నిలబడ్డానా అని చూసుకునే సర్వో గుర్తులు ప్లాటర్ మీద లేవు. భంగిమ మారితే హెడ్‌ని మోసే చేతి బరువు మారి ట్రాక్‌కి కొంచెం పక్కన నిలబడుతుంది. వేడికి కూడా అంతే. అల్యూమినియం వ్యాకోచించి ట్రాక్ జరుగుతుంది. ఒకప్పుడు రాసింది చల్లటి గదిలోనో, ఏప్రిల్ ఎండలోనో మనకు తెలియదు. అందుకే పద్ధతి ఇలా పెట్టుకోండి: తిరగడం మొదలుపెట్టగానే ఒక పాస్ పూర్తిగా చదివి ఫైలు దాచుకోండి. తర్వాత ఆపకుండా అరగంట వేడెక్కనిచ్చి రెండో పాస్. రెండింటిలో ఒకదానిలో చదవని సెక్టర్ ఇంకొకదానిలో చాలాసార్లు వస్తుంది. అప్పటికీ మొండికేస్తే ఏసీ గదిలో ఒక పాస్, ఏసీ లేకుండా ఒక పాస్. డ్రైవ్ పైమూత 45 డిగ్రీలు దాటనీయొద్దు.

రెండు, డ్రైవ్ మీది లేబుల్‌ని స్పష్టంగా ఫొటో తీయండి. ఫ్యాక్టరీలో దొరికిన చెడ్డ చోట్లు సిలిండర్, హెడ్ నంబర్లతో దాని మీద ఉంటాయి. తర్వాత పనికొస్తుంది.

మూడు, అంతా చదవడం అయ్యేదాకా ఆపొద్దు. భోజనానికి లేచినా తిరగనివ్వండి.

కొర్లగుంట ఐడీఈ

మధ్యలో అడుగుతున్నా, క్షమించండి. నా దగ్గర 1993 నాటి 170 ఎంబీ ఐడీఈ డ్రైవ్ ఉంది, చక్కగా తిరుగుతుంది, కానీ యూఎస్‌బీ అడాప్టర్‌కి పెడితే కంప్యూటర్ చూడటం లేదు. డ్రైవ్ పోయినట్టేనా?

అటక సామాను (తిరుపతి)

పోయి ఉండకపోవచ్చు. ఆ కాలపు చాలా డ్రైవ్‌లకి ఎల్‌బీఏ (సెక్టర్లన్నిటికీ వరుస నంబర్లు ఇచ్చే పద్ధతి) తెలియదు, సిలిండర్-హెడ్-సెక్టర్ లెక్కే తెలుసు. యూఎస్‌బీ అడాప్టర్లు ఎక్కువ భాగం ఎల్‌బీఏలోనే మాట్లాడతాయి. మదర్‌బోర్డు మీదే ఐడీఈ పోర్టు ఉన్న పాత సిస్టం తెచ్చి, బయాస్‌లో లేబుల్ మీది మూడు అంకెలూ చేత్తో ఎక్కించి, లినక్స్ సీడీతో బూట్ చేసి డీడీరెస్క్యూ (పాడైన డ్రైవ్‌ని కాపీ చేసే ప్రోగ్రాం) నడపండి. మొదటి పాస్‌లో ఎన్ ఆప్షన్ పెట్టి మొండి చోట్లు వదిలేసి ముందుకు పోనివ్వండి. రెండో పాస్‌లో డీ, ఆర్3 పెట్టి మిగిలినవి. మ్యాప్ ఫైలు తప్పకుండా ఇవ్వండి, అది లేకపోతే మళ్లీ మొదటికి వస్తారు.

డ్రైవ్ తిరిగాక, హెడ్ కదిలిన శబ్దం లేకుండా ఆగిపోయే రకమైతే వేరే జబ్బు. ఆ కాలపు కొన్ని మోడళ్లలో హెడ్ ఆగే చోట ఉండే రబ్బరు ముక్క జిగురులా కరిగి హెడ్ చేతిని పట్టేసుకుంటుంది. దానికి మూత తీయక తప్పదు కాబట్టి డేటా ముఖ్యమైతే ల్యాబ్‌కి ఇవ్వండి. మిగతాది వేరే థ్రెడ్‌లో రాయండి.

పల్లెలిపి

మురళి గారూ, ఇమేజ్ వచ్చాక మీకు ఇంకో మెట్టు ఉంది, ఇప్పుడే చెప్పి పెడతాను. జిస్ట్ కార్డుతో రాసిన తెలుగు యూనికోడ్ కాదు, ఇస్కీ. 8 బిట్ కోడ్, తర్వాత 1991లో ఐఎస్ 13194 పేరుతో భారత ప్రమాణంగా వచ్చింది. అక్షరాలు హెక్సాలో ఏ1 నుంచి ఎఫ్ఏ దాకా ఉంటాయి. ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, పాడైందనుకోకండి.

ఒక చిట్కా. ఫైల్ సిస్టం దెబ్బతిన్నా సరే, మొత్తం ఇమేజ్‌ని హెక్స్ ఎడిటర్లో తెరిచి ఈ వరుస వెతకండి: సీ2 డీబీ సీఎఫ్ డీడీ సీ8 సీ2 డీబీ. అది "తిరుపతి". "చిత్తూరు" కావాలంటే బీ8 డీబీ సీ2 ఈ8 సీ2 డీఈ సీఎఫ్ డీడీ. మధ్యలోని ఈ8 పొల్లు, ఒత్తు దానితోనే ఏర్పడుతుంది. ఇవి దొరికాయంటే మీ వ్యాసాలు ఇమేజ్‌లో ఉన్నాయి, ఎక్కడ మొదలవుతున్నాయో కూడా తెలిసిపోతుంది.

యూనికోడ్‌లోకి మార్చడానికి ఐసీయూ అనే సాఫ్ట్‌వేరు లైబ్రరీతో వచ్చే యూకాన్వ్ వాడండి. ఇన్‌పుట్ ఎన్‌కోడింగు ఇస్కీ, వెర్షన్ 6 అని ఇస్తే తెలుగు. విండోస్‌లో అయితే కోడ్ పేజీ 57005. పొరపాటున 57002 ఇస్తే అదే వ్యాసం దేవనాగరిలో వస్తుంది, ఎందుకంటే ఇస్కీలో భారతీయ లిపులన్నిటికీ "క" ఒకే చోట ఉంటుంది. లిపి మార్చే కోడ్ ఈఎఫ్. తెలుగు మధ్యలో ఇంకో లిపి మాట ఉంటే దాని ముందు ఇది కనిపిస్తుంది.

మార్చిన తర్వాత వెతుకులాట సరిగా పనిచేయకపోతే, ఈ8 రెండుసార్లు వరుసగా వచ్చిన చోట్లు చూడండి. పొల్లుని విడిగా చూపించడానికి అలా రాసేవాళ్లు, మార్పిడిలో అక్కడ కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ చేరుతుంది.

డ్రైవ్‌లో వర్డ్‌స్టార్ ఇంగ్లిష్ ఫైళ్లు కూడా ఉంటే వాటి సంగతి వేరు. డాక్యుమెంట్ మోడ్‌లో వర్డ్‌స్టార్ మాట చివరి అక్షరానికి ఎనిమిదో బిట్ ఎక్కిస్తుంది. ఆ బిట్ తీసేస్తే ఇంగ్లిష్ శుభ్రంగా వస్తుంది. అదే పని తెలుగు ఫైలు మీద చేస్తే తెలుగంతా పోతుంది. అందుకని ఫైళ్లను ముందు రెండు ఫోల్డర్లుగా విడగొట్టి, కాపీల మీదే పనిచేయండి.

గిరింపేట మురళి (చిత్తూరు)

రీడర్ వచ్చింది. పవర్ ఇవ్వగానే తిరిగింది, కీచు శబ్దం వచ్చింది, ఫోమ్ టేపుతో పోయింది. మొత్తం 2460 ట్రాకులకు గాను చల్లగా ఉన్నప్పుడు 31 ట్రాకుల్లో తప్పులు, అరగంట తర్వాత 12. రెండూ కలిపితే 7 ట్రాకులు మిగిలినాయి. సిలిండర్ 212, 213, 214 హెడ్ 2 మీద. సిలిండర్ 388 హెడ్ 0. సిలిండర్ 540, 541, 542 హెడ్ 3. "తిరుపతి" అని వెతికితే 140 చోట్లకు పైగా దొరికింది. ఈ ఏడు ట్రాకుల్లో ఏమి పోయిందో తెలుసుకునే మార్గం ఉందా?

అటక సామాను (తిరుపతి)

బాగా వచ్చింది. ముందు లేబుల్ ఫొటో తీసి చూడండి. 212-214 హెడ్ 2 లాగా ఒకే హెడ్ మీద వరుస సిలిండర్లు కనపడితే అది పైపూతలో ఒక మచ్చ. అది లేబుల్ మీదే ఉంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మచ్చ. మొదట ఫార్మాట్ చేసినప్పుడే డాస్ ఆ క్లస్టర్లను (సెక్టర్ల గుంపులను) ఫ్యాట్‌లో, అంటే ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పట్టికలో, చెడ్డవిగా గుర్తించి వదిలేసి ఉంటుంది, అక్కడ మీ అక్షరం ఏదీ ఎప్పుడూ లేదు. 540-542ని కూడా అలాగే పోల్చండి.

ఫ్యాట్, రూట్ డైరెక్టరీ సిలిండర్ 0, 1 దగ్గరే ఉంటాయి, మీ తప్పుల్లో అవి లేవు కాబట్టి ఫైళ్ల పేర్లూ వరుసా భద్రం. లేబుల్ మీద లేని ట్రాక్ మిగిలితే, దాని సెక్టర్ నంబర్లను క్లస్టర్ నంబర్లుగా మార్చి ఫ్యాట్‌లో చూడండి. సున్నా ఉంటే ఖాళీ చోటు. వేరే అంకె ఉంటే ఆ గొలుసు పట్టుకుని వెనక్కి పోతే ఏ ఫైలో తెలుస్తుంది.

గిరింపేట మురళి (చిత్తూరు)

లేబుల్ మీద 213/2, 541/3 రెండూ ఉన్నాయి. 388/0 లేదు. ఫ్యాట్‌లో చూస్తే అది జాతర వ్యాసం ఒకదాని మధ్యలో పడింది, ఒక్క సెక్టరే, 512 బైట్లు.

టంకం తిరుపతి

ఒక్క సెక్టర్ అయితే వదలొద్దు. రీడర్‌లో ఆ ఒక్క సిలిండర్, ఆ ఒక్క హెడ్ మాత్రమే ఎంచుకుని రీట్రైలు 50 దాకా పెంచండి. తెల్లవారుజామున గది చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, డ్రైవ్ గంట తిరిగాక ఒకసారి. ప్రతిసారీ ఒకసారి సిలిండర్ 0 నుంచి, ఇంకోసారి 614 నుంచి వచ్చి 388 మీద ఆగేలా చేయండి. స్టెప్పర్‌కి ఏ వైపు నుంచి వస్తే ఆ వైపు కొంచెం లూజు ఉంటుంది, ఆ తేడా చాలు సెక్టర్ దొరకడానికి. సీఆర్‌సీ (తప్పు పట్టే చెక్ కోడ్) సరిపోకపోయినా ప్రతి ప్రయత్నం ఫైలునీ దాచండి. ఇస్కీ తెలుగులో ఒకటి రెండు బైట్లు తప్పయితే పక్క అక్షరాలను బట్టి మాట పోల్చుకోవచ్చు, అందులో పల్లెలిపి గారు సాయం చేస్తారు.

పల్లెలిపి

తప్పకుండా. ఆ సెక్టర్ రీడింగులన్నీ, దాని ముందు వెనక సెక్టర్లతో కలిపి పెట్టండి. బైటు బైటుగా పోల్చి, ఎక్కువ రీడింగుల్లో వచ్చినదాన్ని తీసుకుందాం.